చిగుళ్ళకు డీప్ క్లీనింగ్ చేయించుకున్నాను: జనవరి నుంచి ఆగస్టు దాకా నా అనుభవం

నాకు చిగుళ్ళ జబ్బు ఉందని ఈ జనవరిలో తెలిసింది. పంటి నొప్పి లేదు, పుచ్చు లేదు. అద్దంలో చూస్తే వాపు కూడా పెద్దగా కనిపించేది కాదు. బ్రష్ చేసి ఉమ్మితే నురగ గులాబీ రంగులో ఉండేది, పొద్దున లేవగానే నోట్లో తుప్పు రుచి తగిలేది, కింది దవడలో చివరి రెండు పళ్ళ మధ్య ఏం తిన్నా ఇరుక్కునేది. అంతే. రోజుకు రెండు పూటలా బ్రష్ చేసే మనిషిని కాబట్టి, మామూలు చెకప్‌కి వెళ్ళినప్పుడు అక్కడి డెంటిస్ట్ "ఇది నేను చూసేది కాదండి, చిగుళ్ళ స్పెషలిస్ట్‌కి చూపించుకోండి" అని చీటీ రాసిస్తే ఆ మాట చాలాసేపు మింగుడు పడలేదు. ఆ తర్వాత జరిగిందంతా వరసగా రాస్తున్నాను. వెళ్ళేముందు ఇలాంటిది ఒక్కటైనా చదివి ఉంటే నా టెన్షన్ సగం తగ్గేది.

స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ దొరకడానికి రెండు వారాలకు పైగా పట్టింది. జబ్బు కన్నా ఆ రెండు వారాలే ఎక్కువ భయపెట్టాయి. ఎవరికి చెప్పినా ఒకటే మాట: క్లీనింగ్ మాత్రం వద్దు, పళ్ళు వదులైపోతాయి. మా అక్క అయితే ఫోన్‌లో "గట్టిగా ఉన్న పళ్ళను చేతులారా ఊడగొట్టుకుంటావా ఏంటే" అని కోప్పడింది. ఈ మాటలో కొంచెం నిజం కనిపించే సందర్భం ఒకటుంది. దాని గురించి తర్వాత చెప్తాను.

ఫిబ్రవరి మొదట్లో వెళ్ళాను. డాక్టర్ గారు నోరు తెరవమనే ముందు చాలా ప్రశ్నలు అడిగారు. షుగర్ ఉందా, బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, సిగరెట్ అలవాటు ఉందా, అమ్మానాన్నలకు పళ్ళు తొందరగా ఊడాయా. బీపీ మాత్రకీ చిగుళ్ళకీ ఏం సంబంధం అనుకున్నాను. ఆ మాత్రల్లో కొన్ని రకాలకు చిగుళ్ళు ఉబ్బి పెరుగుతాయట. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా రాశారు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు సరిగా మానవు, చిగుళ్ళలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయని చెప్పారు. నాకు నార్మల్ వచ్చింది. ఇంకో మాట కూడా అన్నారు: సిగరెట్ తాగేవాళ్ళ చిగుళ్ళలోంచి రక్తం తక్కువగా వస్తుంది, అందుకని వాళ్ళకు జబ్బు ముదిరేదాకా తెలియదు.

ఆ తర్వాత అసలు పరీక్ష. సన్నటి, మొద్దు కొన ఉన్న పుల్లలాంటి పరికరం. దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దింపి ఎంత లోతుకు వెళ్తుందో చూస్తారు. ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల. ఆవిడ అంకెలు చదువుతుంటే అసిస్టెంట్ కంప్యూటర్‌లో ఎక్కిస్తోంది. ముందు పళ్ళ దగ్గర "మూడు, రెండు, మూడు... రెండు, రెండు, మూడు" అని సాఫీగా సాగింది. మూడు దాకా ఫరవాలేదని ముందే చెప్పారు కాబట్టి ఆ అంకెలు వింటూ ఊపిరి పీల్చుకుంటున్నాను. దవడ పళ్ళ దగ్గరికి వచ్చేసరికి "నాలుగు, నాలుగు, ఐదు, రక్తం" అని మొదలైంది. ఎడమ వైపు చివరి పంటి దగ్గర "ఆరు" అన్నారు. పరికరం లోపలికి దిగుతున్నట్టు నాకే తెలిసింది. వాచిన చోట సూదితో గుచ్చినట్టు చురుక్కుమంది, మిగతా చోట్ల నొప్పి లేదు.

మీరు ఎక్కడికి వెళ్ళినా ఈ అంకెలు అడిగి తీసుకోండి. ఇంతకు ముందు నేను వెళ్ళిన ఒక క్లినిక్‌లో ఏటా పదిహేను నిమిషాల్లో క్లీనింగ్ చేసి, పాలిష్ పెట్టి, "అంతా బాగుంది" అని పంపేవాళ్ళు. ఒక్కసారి కూడా ఈ పుల్ల పెట్టి చూడలేదు. పైకి తెల్లగా ఉన్న పంటి వెనక ఆరు మిల్లీమీటర్ల గుంట ఉందని కొలవకుండా ఎవరికీ తెలియదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఎక్స్‌రేలు తీశాక డాక్టర్ గారు తెర మీద చూపించారు. పళ్ళ మధ్య ఎముక ఎక్కడిదాకా ఉండాలో, నాకు ఎక్కడ ఉందో. వెనక పళ్ళ దగ్గర ఎముక అంచు కిందికి జారిపోయి కనిపిస్తోంది. "క్లీనింగ్ చేస్తే ఈ ఎముక తిరిగొస్తుందా డాక్టర్ గారూ?" అని అడిగాను. "రాదండి. ఇక్కడితో ఆపగలం. మీకున్న ఎముకతో ఈ పళ్ళు ఎన్నో ఏళ్ళు ఉంటాయి, ఆపగలిగితే" అన్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ తొందరపెట్టలేదు. టిష్యూ చేతికిచ్చి కాసేపు ఆగారు.

రిపోర్టులో "స్టేజ్ 3, గ్రేడ్ బి" అని ఉంది. స్టేజ్ అన్న మాట చూడగానే గుండె జారిపోయింది. ఇది 2018లో వచ్చిన వర్గీకరణ. అంతకు ముందు రిపోర్టుల్లో స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని రాసేవాళ్ళట. స్టేజ్‌లు నాలుగు, జబ్బు ఎంత ముదిరిందో చెప్తాయి. గ్రేడ్ ఎంత వేగంగా ముదురుతోందో చెప్తుంది. దీనికి క్యాన్సర్‌తో ఏ సంబంధమూ లేదు.

రెండు పూటలా బ్రష్ చేస్తున్నా ఇలా ఎందుకైందని అడిగితే నోటితో జవాబు చెప్పకుండా పళ్ళకు ఒక రంగు పూశారు. పుక్కిలించి ఉమ్మేశాక అద్దం చేతికిచ్చారు. పళ్ళ ముందు భాగం శుభ్రంగా ఉంది. చిగురు అంచు వెంబడి సన్నటి గులాబీ గీత. పళ్ళ సందుల్లో ముదురు ఊదా రంగు. కింది ముందు పళ్ళకు లోపలి వైపు మొత్తం ఊదా రంగే. రంగు అంటుకున్న చోటల్లా పాచి ఉన్నట్టు, ముదురు రంగు పాతబడిన పాచి. బ్రష్ కుచ్చు పళ్ళ మధ్యకు దూరదు, ఎన్నిసార్లు తోమినా దూరదు. అక్కడ మిగిలిన పాచిలోకి లాలాజలంలోని ఖనిజాలు చేరి కొన్ని రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. ఇక దాన్ని ఏ బ్రషూ తియ్యలేదు. కింది ముందు పళ్ళ లోపలి వైపే ఎక్కువగా ఎందుకు పడుతుందంటే లాలాజలం ఊరే గొట్టాలు నాలుక కింద అక్కడే తెరుచుకుంటాయి.

ఖర్చు సంగతి. కన్సల్టేషన్, ఎక్స్‌రే, క్లీనింగ్ వేరువేరుగా బిల్లు వేశారు. డీప్ క్లీనింగ్‌కి, అంటే చిగురు లోపల వేరు మీది గార కూడా తీసే పనికి, నోటిని నాలుగు భాగాలుగా లెక్క కట్టి ఒక్కో భాగానికి ఇంత అని తీసుకుంటారు. మామూలు క్లీనింగ్ ధర మనసులో పెట్టుకుని వెళ్తే కంగారు పడతారు. తర్వాత మళ్ళీ కొలిచే విజిట్ ఇందులో కలిసి ఉందా లేదా అన్నది ముందే అడగండి, నాకు కలిసి లేదు. నా ఇన్సూరెన్స్ పళ్ళ వైద్యానికి వర్తించలేదు. అయినా మొత్తం కలిపితే, ఒక పన్ను పోతే పెట్టించుకునే ఇంప్లాంట్ ఖర్చు కన్నా తక్కువే అయింది.

ఫిబ్రవరి మధ్యలో కుడి వైపు పైనా కిందా చేశారు. ముందు చిగురుకు జెల్ రాసి, ఆ తర్వాత మత్తు ఇంజెక్షన్. కింది దవడకు ఇచ్చింది పెద్దగా తెలియలేదు. అంగిలి వైపు ఇచ్చినప్పుడు మాత్రం గట్టిగా మండింది. ఇంజెక్షన్ ఇవ్వగానే గుండె దడదడలాడింది. భయం వల్ల అనుకున్నాను. మత్తుమందులో అడ్రినలిన్ కలుస్తుందని, రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుందని డాక్టర్ గారు చెప్పాక కుదుటపడ్డాను. మీకు గుండె జబ్బు ఉంటే ఇది ముందే చెప్పాలి.

మొదట నీళ్ళు చిమ్ముతూ కంపించే మెషిన్‌తో గార రాలగొట్టారు. ఆ కీచుమనే చప్పుడు పుర్రెలో మోగుతుంది. ఆ తర్వాత చేతి పరికరాలతో చిగురు లోపల వేరు మీద గీకుతారు. నొప్పి లేదు కానీ గరగరమనే ఆ రాపిడి ఎముకలోకి తెలుస్తుంది. ఆవిడ మధ్యలో ఒక పలుకు తీసి దూది మీద పెట్టి చూపించారు. ఆవగింజ కన్నా చిన్నది, నల్లగా, గరుకుగా ఉంది. పంటి పైన పేరుకునే గార పసుపు రంగులో ఉంటుంది. చిగురు లోపలిది రక్తం తగిలి ఇలా నల్లబడుతుందట. నొప్పి వస్తే ఎడమ చెయ్యి ఎత్తమన్నారు. ఒకసారి ఎత్తాను, వెంటనే ఆపి ఇంకొంచెం మత్తు ఇచ్చారు. అంతా అయ్యేసరికి గంట దాటింది. గుప్పిళ్ళు బిగించి పట్టుకోవడం వల్ల చేతులు నొప్పెట్టాయి తప్ప నోరు కాదు.

మత్తు దిగడానికి మూడు గంటల దాకా పట్టింది. పెదవి ఇంత లావు అయిందనిపిస్తుంది, అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది. మత్తు పూర్తిగా దిగేదాకా ఏమీ నమలకండి, వేడివి తాగకండి. బుగ్గ కొరుక్కున్నా, నాలుక కాలినా అప్పుడు తెలియదు. రాత్రికి సలుపు మొదలైంది. రాసిచ్చిన నొప్పి మాత్ర ఒకటి వేసుకుంటే తగ్గిపోయింది. యాంటీబయాటిక్ రాయలేదేమని అడిగాను. గార, పాచి అక్కడే ఉండగా మందొక్కటే లోపలికి వెళ్ళి పనిచెయ్యలేదని, చాలామందికి శుభ్రం చేస్తే చాలని అన్నారు.

వారం తర్వాత ఎడమ వైపు. ఈసారి ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి భయం లేదు.

ఇక ఎవరూ ముందుగా చెప్పని భాగం దీని తర్వాతే మొదలైంది. మొదటి నాలుగైదు రోజులు నాలుక ఊరికే పళ్ళ వెనక్కి పోతుంది, అక్కడ కొత్తగా సందులు తగులుతాయి. కింది ముందు పళ్ళు వేలితో తాకితే కదులుతున్నట్టు అనిపించింది. అక్క మాటే నిజమైందని రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టర్ గారు నిదానంగా చెప్పారు: "పాత గోడకు ఆనుకున్న మట్టిదిబ్బ తీసేస్తే గోడ బలం తగ్గినట్టు కనిపిస్తుందండి. గోడను తిన్నది ఆ మట్టే. వాపు తగ్గనివ్వండి, బిగుస్తాయి." మార్చి నెలాఖరుకు ఆ కదలిక నిజంగానే పోయింది. క్లీనింగ్ వల్ల పళ్ళు వదులవుతాయన్న మాట పుట్టింది ఈ నాలుగు రోజుల వల్లే అని నాకనిపిస్తుంది. గార అడ్డుగా ఉన్నంతకాలం ఎముక పోయిన సంగతి తెలియదు, తీశాక తెలుస్తుంది, నింద క్లీనింగ్ మీద పడుతుంది.

చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమని లాగేవి. చిగురు కిందికి దిగి వేరు పైభాగం బయటపడటం వల్ల అది. సెన్సిటివిటీ పేస్టుతో తోమడమే కాకుండా, పడుకునే ముందు కొంచెం వేలితో రాసి అలా వదిలేయమన్నారు. గోరువెచ్చటి నీళ్ళు వాడాను. నెల రోజులకు చాలావరకు తగ్గింది.

0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలకు రాశారు, అంతకు మించి వద్దన్నారు. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురగ పదార్థం దాని పని తగ్గిస్తుంది, కనీసం అరగంట ఎడం ఉండాలి. అది వాడినన్నాళ్ళూ ఉప్పు రుచి సరిగా తెలియలేదు, అన్నీ చప్పగా ఉండేవి. రెండో వారంలో పళ్ళ మీద గోధుమరంగు మరకలు వచ్చాయి. అవి పైపైనే ఉంటాయి, పాలిష్ చేస్తే పోయాయి. తెలియక నేను చాలా కంగారుపడ్డాను, మీరు పడకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పళ్ళ సందుల్లో పెట్టే చిన్న బ్రష్. సన్నటి తీగ చుట్టూ కుచ్చు ఉంటుంది. సైజులు చాలా ఉంటాయి, ఒకే నోట్లో రెండు మూడు సైజులు కావాల్సి రావచ్చు. డాక్టర్ గారు ప్రతి సందులోనూ పెట్టి చూసి, ముందు పళ్ళకు ఒకటి, వెనక పళ్ళకు దానికన్నా లావుది చెప్పారు. కొంచెం బిగుతుగా దూరాలి, బలవంతంగా తొయ్యకూడదు. నేనొక్కదాన్నే కొనుక్కుని ఉంటే తప్పకుండా సన్నవి కొనేదాన్ని, వాటితో పాచి రాదు. వెనక పళ్ళ దగ్గర నోరు బార్లా తెరిస్తే బుగ్గ బిగుసుకుని చెయ్యి ఆడదు, సగం మూస్తే సులువుగా వెళ్తుంది. ఇది అసిస్టెంట్ చెప్పిన కిటుకు, నాకు రోజూ పనికొస్తోంది.

మొదటి వారం ప్రతి సందులోంచీ రక్తం వచ్చింది. బ్రష్ ఎర్రగా బయటికి వస్తుంటే చెయ్యి ముందుకు పోదు. గాయం చేస్తున్నానేమో, నాలుగు రోజులు ఆపితే మానుతుందేమో అనిపిస్తుంది. "రక్తం వచ్చే చోటే శుభ్రం కావాలండి, అక్కడే ఆపకండి" అని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేత బ్రష్ చెయ్యడం మాన్పిస్తే మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయట, మళ్ళీ మొదలుపెట్టిస్తే సుమారు వారంలో తగ్గాయట. నాలాగా ఎముక దాకా వెళ్ళిన జబ్బు అంత తొందరగా తగ్గదు కానీ, ఆ మాట పట్టుకుని కొనసాగించాను. మూడో వారానికి ముందు పళ్ళ దగ్గర రక్తం పూర్తిగా ఆగింది. ఒక రాత్రి బ్రష్ తెల్లగా బయటికొస్తే పక్కింటివాళ్ళకు కూడా చెప్పాలనిపించింది.

రాత్రి పూట తోమడం మాత్రం ఎంత అలిసినా వదలను. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాచికి అదే అనువైన సమయం. ముందు సందుల బ్రష్, ఆ తర్వాత మామూలు బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో ఆనించి చిన్న చిన్న కదలికలతో. పేస్టు ఉమ్మేసి నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తాను, ఫ్లోరైడ్ పళ్ళ మీద ఉండాలని. మొదట్లో మొత్తం పనికి ఇరవై నిమిషాలు పట్టి విసుగొచ్చేది, ఇప్పుడు అందులో సగం కూడా పట్టదు.

ఏప్రిల్‌లో ఇంకో దిగులు. వాపు తగ్గేకొద్దీ చిగుళ్ళు వెనక్కి లాగుకుని పళ్ళు పొడుగ్గా కనిపించడం మొదలైంది. పై ముందు పళ్ళ మధ్య చిన్న నల్లటి త్రికోణం తేలింది. ఫొటోల్లో నోరు మూసుకుని నవ్వేదాన్ని. ఇది వైద్యం పాడైనట్టు కాదు, మానుతున్నట్టు గుర్తు. ఇంతకాలం వాపే ఆ సందును కప్పి ఉంచింది. తెలిసినా మనసు ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది. జబ్బు నిలకడగా ఉంటే తర్వాత పంటి రంగు ఫిల్లింగ్‌తో ఆ సందు తగ్గించొచ్చన్నారు. ఇంకా నిర్ణయించుకోలేదు.

క్లీనింగ్ అయిన పది వారాలకు, మే మొదట్లో, మళ్ళీ కొలిచారు. అంతకన్నా ముందే కొలిస్తే అప్పుడప్పుడే పంటికి అతుకుతున్న చిగురు కదిలిపోతుందని ఆగారు. కుర్చీలో కళ్ళు మూసుకుని అంకెలే విన్నాను. "రెండు, రెండు, మూడు." నాలుగులు దాదాపు అన్నీ మూడు, రెండు అయ్యాయి. ఐదులు ఎక్కువ భాగం మూడుకు వచ్చాయి. ఎడమ చివరి పంటి దగ్గర మాత్రం ఆరు కాస్తా ఐదు దగ్గర ఆగింది, రక్తం కూడా వచ్చింది. దవడ పళ్ళకు వేళ్ళు రెండుగా, మూడుగా చీలే చోట పరికరం సరిగా అందదట. అక్కడ ఒక్కచోటే మత్తిచ్చి మళ్ళీ శుభ్రం చేశారు. పాత చార్ట్, కొత్త చార్ట్ రెండూ ప్రింట్ తీసిచ్చారు. పక్కపక్కన పెట్టి చూసుకుంటే, రాత్రుళ్ళు అద్దం ముందు పడ్డ శ్రమ కళ్ళకు కట్టింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్ళాలి. గుంటల్లో చేరే బ్యాక్టీరియా సుమారు అంతకాలంలో మళ్ళీ పుంజుకుంటుంది కాబట్టి ఆరు నెలల గడువు నాలాంటివాళ్ళకు చాలదు. మొన్న ఆగస్టులో చూసినప్పుడు ఆ చివరి పంటి దగ్గర ఇంకా ఐదే, కానీ రక్తం రాలేదు. అక్కడికి వాడే సందుల బ్రష్ ఒక సైజు పెంచారు. నవంబర్‌లో మళ్ళీ కొలుస్తారు. అప్పుడు రక్తం వచ్చినా, లోతు పెరిగినా చిగురు తెరిచి వేరును కంటితో చూస్తూ శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ చేద్దామన్నారు. కుట్లు వేసి, వారం పది రోజుల్లో తీస్తారట. ఒప్పుకున్నాను, డేట్ కూడా తీసుకున్నాను.